టెక్సాస్ 2021 చలి: తప్పు గాలిమరలదా, గ్యాసుదా? అప్పుడు ఇక్కడున్నవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో కొత్తకాపు:
ఆగస్టులో చికాగో నుంచి ఫ్రిస్కో వచ్చాం. కొన్న ఇంట్లో హీటరు, పొయ్యి, గీజరు అన్నీ కరెంటు మీదే. పక్కింటి తెల్లాయన 2021 ఫిబ్రవరి చలిలో రోజుల తరబడి కరెంటు పోయిన సంగతి చెప్పి టెన్షన్ పెట్టాడు. గాలిమరలు గడ్డకట్టడం వల్లే గ్రిడ్ (ప్లాంట్లనీ ఇళ్ళనీ కలిపే కరెంటు లైన్ల వల) కూలిందట. ఆఫీసులో ఒకాయనేమో తప్పంతా కరెంటు తయారీకి వాడే గ్యాసుదే అంటాడు. అప్పుడు ఇక్కడున్నవాళ్ళు ఏం జరిగిందో చెప్పండి. జనరేటర్ కొనాలా, బ్యాటరీ పెట్టించుకోవాలా, లేక ఊరికే కంగారు పడుతున్నానా?

ప్లేనో పద్మ:
ఫిబ్రవరి 15, సోమవారం. తెల్లవారుజామున రెండింటికి పోయింది. కాసేపు తీసి కాసేపు ఇస్తామన్నారు. ఎదురు వరసకి ఇచ్చారు, మాకు బుధవారం రాత్రి దాకా రాలేదు. వాళ్ళ లైను మీద ఆసుపత్రి ఉందని తర్వాత తెలిసింది. దుప్పటి కప్పుకుని కిటికీలోంచి ఎదురింటివాళ్ళ టీవీ వెలుగు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు.

ఇంట్లో 41 ఫారెన్‌హీట్, అంటే ఐదు డిగ్రీలు. కోవిడ్ వల్ల గుంటూరు తిరిగి వెళ్ళలేక మా అత్తగారు మాతోనే ఉన్నారు. "మన దగ్గర కరెంటు పోతే మంచం వాకిట్లో వేసుకుంటాం, ఇక్కడ వాకిట్లోకి వెళ్తే పోతాం" అన్నారు ఆవిడ. మాది గ్యాసు పొయ్యి కాబట్టి అగ్గిపుల్లతో వెలిగించి చారు కాచుకున్నాం. పాలు పెరట్లో మంచులో పాతిపెట్టాం. అందరం ఒకే గదిలో పడుకున్నాం.

అసలు దెబ్బ కరెంటు వచ్చాక తగిలింది. అటక మీద పైపు గడ్డకట్టి పగిలిందని మంచు కరిగినప్పుడే తెలిసింది. పిల్ల గది సీలింగు ఊడి మంచం మీద పడింది. దేవుడి దయ, పిల్ల మా గదిలో ఉంది.

ఫీడర్ ఫకీరు:
పద్మగారూ, మీ దాకా వంతు రాకపోవడానికి కారణం అదే. ఆసుపత్రులు, నీటి పంపులు ఉన్న లైన్లు కోయకూడదు. అవి పక్కన పెడితే కోయడానికి మిగిలిన ఫీడర్లే (వీధులకి కరెంటు తెచ్చే లైన్లే) తక్కువ. కోత ఒక దశలో 20,000 మెగావాట్లకు చేరింది. ఇక దేన్ని దేనితో మార్చి తిప్పుతారు?

నేను గ్రిడ్ ప్లానింగ్ పని చేస్తాను, ఆ రాత్రి డ్యూటీలో లేను. గ్రిడ్‌ని ఎడ్లబండి అనుకోండి. బరువు పెరిగితే ఎద్దుల నడక తగ్గుతుంది. ఇక్కడ ఆ నడక సెకనుకు 60 సార్లు, అంటే 60 హెర్ట్జ్. ఆ తెల్లవారుజామున అది 59.4 కిందకి దిగింది. అలా తొమ్మిది నిమిషాలు ఉంటే మిగతా ప్లాంట్లు తమను తాము కాపాడుకోవడానికి ఒకదాని వెనక ఒకటి విడిపోతాయి. ఇంకా 4 నిమిషాల 37 సెకన్లు మిగిలి ఉండగా కోతలతో నిలబెట్టామని గ్రిడ్ నడిపే ఎర్కాటే చెప్పింది. అది తప్పితే రాష్ట్రం మొత్తం చీకటి, మళ్ళీ లేపడానికి వారాలు పట్టేది.

గాలిమరల సంగతి. కొన్ని గడ్డకట్టిన మాట నిజం. కానీ కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ ఫెర్క్, గ్రిడ్ల భద్రత చూసే నెర్క్ కలిసి 2021 నవంబరులో ఇచ్చిన నివేదిక చూడండి. టెక్సాస్, చుట్టుపక్కల రాష్ట్రాల్లో అనుకోకుండా దెబ్బతిన్న కరెంటు తయారీ యూనిట్లలో గ్యాసువి 58 శాతం, గాలివి 27 శాతం. ఒక అణు యూనిట్ కూడా నీటి గొట్టంలో సెన్సర్ లైను గడ్డకట్టి ఆగింది. ఇంకో విచిత్రం, గ్యాసు తోడే కంప్రెసర్లలో కొన్ని కరెంటుతో నడుస్తాయి. అవి అత్యవసరం జాబితాలో నమోదు కాలేదు, వాటికీ కోత పెట్టారు. గ్యాసు రాక ప్లాంటు ఆగింది, ప్లాంటు ఆగి కోత పెరిగింది. పాము తన తోక తానే మింగినట్టు.

కేటీ కృష్ణ:
నేను గ్యాసు రంగంలోనే ఉన్నా, కాబట్టి నా మాట ఎవరికీ నచ్చదు. ఆ రోజుల్లో కొన్ని బావుల దగ్గరికి వెళ్ళడానికి రోడ్లే లేవు, మావాళ్ళు లారీల్లోనే నిద్రపోయారు. యూనిట్ల శాతాలు సరే, రాత్రి పూట సోలార్ సున్నా కదా? గాలి పడిపోతే ఎవరిని అడగాలి? గ్యాసునే. అడిగినప్పుడు రాలేదని తిట్టండి, ఒప్పుకుంటా. మిగతావి అడగడానికి కూడా పనికిరావు.

ఫీడర్ ఫకీరు:
కృష్ణగారూ, అందుకే శీతాకాలం లెక్కల్లో గాలి మీద పెట్టుకున్న ఆశే తక్కువ. వస్తుందని రాసుకున్నది గ్యాసు. వస్తానన్నవాడు రాకపోతేనే పెళ్ళి ఆగుతుంది.

రాజకీయాలు వద్దనుకున్నా, వాటంతట అవే వచ్చాయి. ఫిబ్రవరి 16న గవర్నర్ అబ్బాట్ టీవీలో గాలి, సోలార్ ఆగిపోవడం వల్లే ఇదంతా అన్నట్టు మాట్లాడారు, తర్వాత అన్నిటికీ దెబ్బ తగిలిందని సర్దుకున్నారు. మాజీ గవర్నర్ రిక్ పెర్రీ అయితే కేంద్ర ప్రభుత్వం జోక్యం లేకుండా ఉంచుకోవడానికి టెక్సాస్‌వాళ్ళు మూడు రోజులకు మించి కూడా కరెంటు లేకుండా ఉంటారన్నారు. ఉండేది ఎవరో!

ఎల్ పాసో ఒంటరి:
మాకు ఏమీ కాలేదు 🙂 రాష్ట్రం ఒకటే కానీ మేము ఎర్కాట్‌లో లేం, పశ్చిమ గ్రిడ్‌తో కలిసి ఉన్నాం. 2011 చలిలో మా ఊరికీ దెబ్బ తగిలింది, ఆ తర్వాత ఇక్కడ ప్లాంట్లకి చలి తట్టుకునే ఏర్పాట్లు చేశారు. అదే సలహా అప్పుడు మిగతా టెక్సాస్‌కీ ఇచ్చారు, తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది పక్కన పెట్టారు.

గాజువాక మాస్టారు:
రిటైరైన ట్రాన్స్‌మిషన్ ఇంజనీరును, మా అబ్బాయి ఆస్టిన్‌లో ఉంటాడు. టెక్సాస్ గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలవకుండా విడిగా ఉంటుంది, "అదే పాపం" అని చాలామంది అంటారు. కథకి రెండో వైపు మనం చూశాం.

2012 జులై 30, 31 గుర్తుందా? ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల పైచిలుకు జనం చీకట్లో ఉన్నారు. మనకి పోలేదు. కారణం దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో నేరుగా కలిసి లేదు, గాజువాక లాంటి చోట్ల డీసీ లింకులే (రెండు గ్రిడ్లని నేరుగా కలపకుండా కొలిచినంత కరెంటే దాటించేవి) ఉండేవి. అక్కడి జబ్బు ఇటు పాకలేదు. కానీ అదే ఏడాది మన పరిశ్రమలకి పవర్ హాలిడేలు! పైన మిగులు ఉన్నా తెచ్చుకోవడానికి లైను చాలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో కలిశాం. టెక్సాస్‌కి బయటి నుంచి వచ్చే డీసీ లింకులన్నీ కలిపినా 1,200 మెగావాట్ల లెక్క. 20,000 కోతకి అది ఏ మూలకి?

ఇర్వింగ్ నాని:
బిల్లు సంగతి ఎవరూ రాయలేదేం? నాది హోల్‌సేల్ ధర ప్లాన్, మార్కెట్ ధర మారితే నా బిల్లూ మారుతుంది. మామూలుగా యూనిట్ కొన్ని సెంట్లు. ఆ నాలుగు రోజులు రాష్ట్ర కమిషన్ హోల్‌సేల్ ధరని మెగావాట్ అవర్‌కి 9,000 డాలర్లు, అంటే యూనిట్ తొమ్మిది డాలర్ల దగ్గర నిలబెట్టింది. మాకు కరెంటు పోలేదని సంబరపడ్డాను, హీటరు 72 మీద పెట్టాను. ఆ వారానికి 3,100 డాలర్లు. దానిమీద కొట్లాట ఏడాది నడిచింది, ఆ కథ ఇంకోసారి. నీకు నా సలహా ఒకటే బ్రో, ఫిక్స్‌డ్ రేట్ ప్లాన్.

హ్యూస్టన్ హైమ:
గ్రిడ్ గ్రిడ్ అంటున్నారు, మాకు 2024 జులై 8న బెరిల్ తుపానుకి ఆరు రోజులు లేదు. అప్పుడు ప్లాంట్లన్నీ బాగానే ఉన్నాయి, చెట్లు పడి స్తంభాలు విరిగాయి. ఈ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి. మాది విశాఖే, 2014లో హుద్‌హుద్ చూసినదాన్ని, అచ్చం అదే. విశాఖలో ఆ తర్వాత కొన్ని చోట్ల తీగలు భూమిలోకి దింపారు. ఇక్కడ మా వీధిలో మళ్ళీ అదే చెక్క స్తంభం, అదే ఓక్ చెట్టు కింద.

ఫీడర్ ఫకీరు:
కొత్తకాపుగారి ప్రశ్నకి. 2021 జూన్‌లో చట్టం వచ్చింది, ప్లాంట్లకి చలి రక్షణ తప్పనిసరి, తనిఖీలు ఉన్నాయి. 2022 డిసెంబరు చలిలో కరోలినాల్లో, టెనెసీలో కోతలు పడ్డాయి కానీ ఎర్కాట్‌లో పడలేదు. సోలార్, బ్యాటరీలు బాగా పెరిగాయి, 2023 ఆగస్టు 10న 85,508 మెగావాట్ల రికార్డు వాడకాన్నీ గ్రిడ్ తట్టుకుంది. అయినా ఆ సెప్టెంబరు 6 సాయంత్రం ఎండ దిగాక అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఎండాకాలం సాయంత్రాలకి బ్యాటరీలు అక్కరకొస్తాయి. మూడు రోజుల చలికి నాలుగు గంటల బ్యాటరీ సరిపోదు, మీ ఇంట్లో పెట్టుకున్నదైనా సరే.

ప్లేనో పద్మ:
జనరేటర్ కొంటే గరాజ్‌లో మాత్రం నడపకండి. అప్పుడు వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు ఆన్ చేసి, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టి పోయినవాళ్ళున్నారు. రాష్ట్రం లెక్కలోనే 246 మంది చనిపోయారు. మొదట నీళ్ళ మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలుసుకోండి. మాకు తెలియక సీలింగు పోయింది.

ఫ్రిస్కో కొత్తకాపు:
అందరికీ థాంక్స్. రేట్ ప్లాన్ చూశాను, ఫిక్స్‌డే. పొయ్యి కరెంటుదే కాబట్టి ఒక చిన్న గ్యాసు స్టవ్ కొంటున్నా. వాల్వు మాత్రం ఇల్లంతా వెతికినా కనబడలేదు పద్మగారూ.

ప్లేనో పద్మ:
ఇంట్లో కాదు, వీధి అంచున గడ్డిలో మూత ఉంటుంది చూడండి. మూత ఎత్తేముందు కర్రతో నాలుగు దెబ్బలు కొట్టండి, లోపల ఎర్రచీమలు ఉంటాయి.