సెంట్రింగ్ పని నేర్చుకోవాలంటే ఐ.టి.ఐ.కి పంపాలా, మేస్త్రీ దగ్గర చేర్చాలా?

పెందుర్తి తండ్రి:
మా రెండో అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. ఇంటర్ పూర్తయింది. ఇళ్ల నిర్మాణంలో సెంట్రింగ్ (పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే అచ్చు కట్టడం), ఇనుము కట్టే పని నేర్చుకొని అందులోనే స్థిరపడతానంటున్నాడు. కంచరపాలెం ప్రభుత్వ ఐ.టి.ఐ.లో కార్పెంటర్ ట్రేడులో ఏడాది చదివించాలా, లేక మధురవాడలో అపార్ట్‌మెంట్లు కడుతున్న మేస్త్రీ దగ్గర చేర్చాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. అనుభవమున్నవారు చెప్పగలరు.

గాజువాక మేస్త్రీ:
మేస్త్రీ దగ్గరే చేర్చండి. కార్పెంటర్ ట్రేడులో ప్రధానంగా నేర్పేది చెక్క అతుకులు, తలుపులు, కిటికీల పని. మా పని వేరు. అయిదు అంగుళాల శ్లాబు పోస్తే ప్రతి చదరపు మీటరు మీద మూడు వందల కిలోలకు పైగా పచ్చి కాంక్రీటు కూర్చుంటుంది; ఆ బరువుతో పాటు దాని మీద నడిచే మనుషుల బరువును కూడా కింద పరిచే రేకులు, వాటిని పట్టే అడ్డ దూలాల్లాంటి స్పాన్లు, నిలువు ఆధారాలైన జాకీలు మోయాలి. ఏ జాకీ కింద నేల మెత్తగా ఉందో, ఏ బీము బాటమ్ (దూలం అడుగు అచ్చు) జారబోతోందో సైటులో నిలబడితేనే కన్ను పసిగడుతుంది. సర్టిఫికెట్ తెచ్చుకున్న ఒక కుర్రాడు మా సైటులో జాకీ కింద పలక వేయకుండానే నిలబెట్టాడు. పోతకు ముందు నేను చూశాను కాబట్టి సరిపోయింది.

విశ్రాంత బోధకుడు:
మేస్త్రీగారి కన్ను మీద నాకు గౌరవముంది. అయితే కన్ను చెప్పని విషయాలు కొన్ని ఉంటాయి. విశాఖలో చాలా సైట్లలో అన్ని శ్లాబులకూ ఏడో రోజునే జాకీలు తీసేస్తున్నారు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం శ్లాబును మోసే ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉంటేనే 7 రోజులు. అది దాటితే 14. బీముల కింద ఆరు మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. ఈ లెక్కలు కూడా సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు వర్తించేవి. ఇళ్లకు ఎక్కువగా వాడుతున్నది బూడిద కలిసిన పి.పి.సి.; అది నిదానంగా బలం పుంజుకుంటుంది కనుక ఇంకా ఆగాలి. ఈ మాట కుర్రవాడికి ఎవరు చెబుతారు?

గాజువాక మేస్త్రీ:
ఏడు రోజులని పుస్తకంలోనే ఉందని మీరే ఒప్పుకుంటున్నారు.

విశ్రాంత బోధకుడు:
నాలుగున్నర మీటర్ల లోపు అని రాశాను. దయచేసి మళ్లీ చదవండి.

గాజువాక మేస్త్రీ:
చదివాను. రేకులకు, జాకీలకు రోజువారీ అద్దె కడుతున్నది నేను. ఇంకో వారం ఆగమంటే బిల్డరు ఆ అద్దె ఇవ్వడు, పై అంతస్తు ఎందుకు మొదలుపెట్టలేదని ఫోన్ చేస్తాడు. చదరపు అడుగు రేటు మాట్లాడుకునే రోజున మీ ఐ.ఎస్. పుస్తకం ఎవరూ తెరవరు.

మధురవాడ సివిల్:
జాకీల సంగతి సరే, ఇనుము చుట్టూ కాంక్రీటు పొర (కవరు) సరిపడా ఉండేలా కడ్డీల కింద పెట్టే కవర్ బ్లాకుల గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి. సముద్రపు గాలికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటులో ఇనుముకు 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. బాల్కనీలో పైన ఉండవలసిన కడ్డీలను పోత రోజున తొక్కి కిందికి దించేస్తున్నారు.

విశ్రాంత బోధకుడు:
అద్దె సంగతి అర్థమైంది. నేను మాట్లాడుతున్నది ఆ శ్లాబు కింద నిలబడే కుర్రవాడి గురించి. మా చెల్లెలి కొడుకు ఇలాగే ఒక మేస్త్రీ దగ్గర చేరాడు. ఏళ్ల తరబడి రేకులు మోయించి, వాటికి ఆయిల్ రాయించారు తప్ప చేతికి టేపు ఇవ్వలేదు, నక్షా చూపించలేదు. హెల్పర్ కూలికే అతని వయసు కరిగిపోయింది. దీన్ని శిక్షణ అనడం అన్యాయం.

గాజువాక మేస్త్రీ:
ఇక్కడ నన్ను దొంగను చేయవద్దు. మట్టం చూడటం, తూకం గుండుతో నిలువు చూడటం, మెట్ల సెంట్రింగ్ లెక్క, అన్నీ నేర్పి నిలబెట్టిన కుర్రవాళ్లు నాకున్నారు. నేర్పిన మరునాడే వంద రూపాయలు ఎక్కువిస్తామంటే పక్క సైటుకు వెళ్లిపోయారు. వాళ్లు నేర్చుకునేటప్పుడు పాడుచేసిన ప్లైవుడ్ నా ఖర్చు, నిదానంగా చేసిన పని నా నష్టం. మీకు నేర్పినందుకు జీతమొచ్చింది. నాకు నేర్పినందుకు ఏమొచ్చింది?

విశ్రాంత బోధకుడు:
ఈ ప్రశ్న మొదటే అడిగి ఉంటే జాకీల మీద ఇంత వాదన జరిగేది కాదు. నేర్పే ఖర్చు ఒంటరిగా మేస్త్రీ మీద పడినంతకాలం ఆయన టేపు దాచిపెడతాడు. ఆ నష్టమంతా కుర్రవాడి కూలిలో తేలుతుంది. 1996 చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం పేరిట వసూలు చేస్తూ వచ్చారు. ఆ నిధి నుంచి, కుర్రవాడికి పని వచ్చిందని పరీక్షించి, నేర్పిన మేస్త్రీకి డబ్బు ఇవ్వాలని నా వాదన.

అక్కయ్యపాలెం రాడ్ బెండర్:
ఆ చట్టంలో పేరు నమోదుకే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాల్సి ఉండేది. నేను పనిచేసిన కాంట్రాక్టరు సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. నమోదే కానివాడికి నిధి గురించి చెప్పడం బాధగా ఉంటుంది.

గాజువాక మేస్త్రీ:
నిధి వచ్చేనాటికి చూద్దాం. బోధకుడుగారు ఇప్పుడన్న మాట మాత్రం న్యాయంగా ఉంది. ఏడు రోజుల విషయంలో మాత్రం నా మాట నాదే. ఆగమని బిల్డరుకు చెప్పండి, నాకు కాదు.

పెందుర్తి తండ్రి:
అందరికీ ధన్యవాదాలు. మేస్త్రీగారూ, ఒక్క మాట అడుగుతాను. మా అబ్బాయి రెండేళ్లు మీ దగ్గరే ఉంటాడని నేను పెద్దల ముందు మాట ఇస్తే, మొదటి ఆరు నెలల్లో నక్షా చదవడం, టేపు పట్టడం నేర్పుతారా? ఆ తరువాత హెల్పర్ కూలి కాకుండా పనివాడి కూలి ఇస్తారా?

గాజువాక మేస్త్రీ:
నేర్పుతాను. కూలి ఆరు నెలలకు కాదు, బీము బాటమ్ ఒంటరిగా బిగించిన రోజున పెంచుతాను. ఆదివారం సాయంత్రం అబ్బాయిని తీసుకొని గాజువాక రండి, ఎదురుగా మాట్లాడుకుందాం.