పుస్తకాల పేర్లు &#3108; అని పడుతున్నాయి, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడక తప్పదా?

బీరువా_తాళం:

తెనాలి దగ్గర మా ఊళ్లో ఒక ట్రస్టు గ్రంథాలయం ఉంది. అక్కడ లెక్కలు రాసేది నేనే, కాబట్టి పుస్తకాల జాబితా సైటు కూడా నా నెత్తినే పడింది. ఎప్పుడో ఎవరో పీహెచ్‌పీలో కట్టి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ జాబితాని జేసన్‌గా (డేటా పంపుకునే ఒక రూపం) తెప్పించి జావాస్క్రిప్ట్‌తో చూపిస్తున్నాను. తెలుగు అన్న మాట తెరమీద ఇలా పడుతోంది:

&#3108;&#3142;&#3122;&#3137;&#3095;&#3137;

టెక్స్ట్‌కంటెంట్ (ఇచ్చినదాన్ని ఉత్త అక్షరాలుగా చూపేది) తీసేసి ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ (ట్యాగులతో సహా పేజీ కోడ్‌గా చదివేది) పెడితే తెలుగు చక్కగా వస్తోంది. కానీ అదే పద్ధతిలో పాఠకుల అభిప్రాయాలు కూడా చూపించాలి. ఆ పెట్టెలో లాగిన్ లేకుండా ఎవరైనా ఏదైనా రాసిపోవచ్చు. ఒక అభిప్రాయంలో &#60; అని, అంటే ట్యాగుని తెరిచే 'లెస్ దేన్' గుర్తు కోడ్‌తో, మొదలయ్యే వరస చూశాక చెయ్యి ఆగింది. ఇంకో వింత కూడా ఉంది. కొన్ని పొడుగు పేర్ల చివర ఇంగ్లీషు కే అక్షరం, దానికింద చిన్న తోక కనిపిస్తున్నాయి. రెండిటికీ సంబంధం ఉందా?

రాత్రిషిఫ్ట్:

ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ పెట్టేయండి బాస్. అందులోంచి వచ్చిన స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు, స్టాండర్డ్‌లోనే రాసి ఉంది.

పాతకోడ్:

స్క్రిప్ట్ ట్యాగ్ నడవని మాట నిజమే. కానీ దాడి చేసేవాడు స్క్రిప్ట్ ట్యాగే రాయాలని రూలేం లేదు కదా. లేని బొమ్మకి ఇమ్‌జీ (బొమ్మ చూపే) ట్యాగ్ పెట్టి, ఆన్‌ఎర్రర్‌లో తన కోడ్ రాస్తే చాలు. బొమ్మ దొరకదు, కోడ్ నడుస్తుంది. పైగా జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడే చోట దాని హెచ్‌టీఎంఎల్ ఫంక్షన్ స్క్రిప్ట్ ట్యాగుల్ని కూడా నడిపిస్తుంది.

బీరువా_తాళం గారూ, మీకు కావాల్సిన పనులు రెండు. ఆ అంకెల్ని అక్షరాలుగా విప్పడం ఒకటి, విప్పినదాన్ని పేజీలో పెట్టడం ఇంకొకటి. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ ఈ రెండూ ఒకేసారి చేసేస్తుంది, తంటా అంతా అక్కడే. విడదీయండి.

విప్పడానికి జావాస్క్రిప్ట్‌లో ఒక టెక్స్ట్‌ఏరియా ఎలిమెంట్ తయారు చేయండి. పేజీకి తగిలించక్కర్లేదు. దాని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కి మీ స్ట్రింగ్ ఇచ్చి, వెంటనే దాని వాల్యూ చదవండి. టెక్స్ట్‌ఏరియా లోపల బ్రౌజర్ ట్యాగుల్ని ట్యాగులుగా చూడదు, ఈ అంకెల కోడ్‌లని మాత్రం విప్పుతుంది. అలా వచ్చిన స్ట్రింగ్‌ని టెక్స్ట్‌కంటెంట్‌తో పేజీలో పెట్టండి. లోపల ఇమ్‌జీ ట్యాగ్ ఉన్నా ఉత్త అక్షరాల్లా కనపడి ఊరుకుంటుంది.

టెక్స్ట్‌ఏరియా బదులు డివ్ వాడమని చాలాచోట్ల రాసి ఉంటుంది. వద్దు. డివ్‌ని పేజీకి తగిలించకపోయినా బ్రౌజర్ బొమ్మ కోసం పరిగెడుతుంది, ఆన్‌ఎర్రర్ నడిచిపోతుంది.

ఇక ఆ &#60; సంగతి. ఆ 'లెస్ దేన్' గుర్తుని బ్రౌజర్ తనంతట తాను అంకెల్లోకి మార్చదు. పీహెచ్‌పీలో ఏదో ఫిల్టర్ మార్చి ఉండాలి, లేదా ఎవరో చేత్తో టైపు చేసి ఉండాలి. రెండోదైతే మీ భయం సబబే.

రాత్రిషిఫ్ట్:

అభిప్రాయాల్లో బోల్డ్, ఇటాలిక్ ఉంచాలంటే? టెక్స్ట్‌కంటెంట్ పెడితే అవి పోతాయిగా. ప్రమాదకరమైన ట్యాగుల్ని ఏరేసే డామ్‌ప్యూరిఫై లైబ్రరీ వాడొచ్చా?

పాతకోడ్:

వాడొచ్చు, బాగా పనిచేస్తుంది. వరస మాత్రం తప్పకూడదు: ముందు విప్పాలి, తర్వాత శుద్ధి చేయాలి, ఆపైన దాన్ని ముట్టుకోకూడదు. ముందే శుద్ధి చేశారనుకోండి, &#60; దానికి మామూలు రాతలా కనిపించి దాటిపోతుంది. ఆ తర్వాత మీరు విప్పుతారు, అసలు ట్యాగ్ అప్పుడు పుడుతుంది. డబ్బు తీసుకుని సైట్లు కట్టేవాళ్ల కోడ్‌లో కూడా ఈ వరస తిరగబడి ఉండటం చూశాను. అయినా గ్రంథాలయం అభిప్రాయాలకి బోల్డ్ ఎందుకండీ?

బీరువా_తాళం:

టెక్స్ట్‌ఏరియా పద్ధతి పనిచేసింది, పేర్లన్నీ తెలుగులో వచ్చాయి. బోల్డ్ మాకు అక్కర్లేదు. కానీ అభిప్రాయం రాసినవాళ్లు తమ బ్లాగు లింకు ఇచ్చే గడి ఒకటి ఉంది. దాన్ని విప్పి హెచ్‌రెఫ్‌లో (లింకు చిరునామా ఉండే చోటు) పెడితే ఫర్వాలేదా? 'జావాస్క్రిప్ట్:' అని మొదలైతే వదిలేద్దామనుకుంటున్నా.

పాతకోడ్:

మొదలు చూసి ఆపడం కుదరదు. ఆ మాట మధ్యలో &#9; పెడితే, అంటే ట్యాబ్, మీ పోలికకి అది వేరే మాట. లింకు నొక్కాక బ్రౌజర్ ఆ ట్యాబ్‌ని తీసేసి చదువుకుంటుంది. 2005 అక్టోబరులో మైస్పేస్ అనే సోషల్ సైటుని ముంచిన సామీ వర్మ్‌లో (తనంతట తాను పాకే కోడ్) ఇలాంటి ఎత్తే ఉంది. ఆ సైటు 'జావాస్క్రిప్ట్' అన్న మాటని తీసేస్తుంటే, రాసినతను మాట మధ్యలో కొత్త లైను పెట్టాడు. ఒక్క రోజు తిరక్కుండానే పది లక్షల పైచిలుకు ఖాతాలకి పాకింది.

అందుకని విప్పిన లింకుని యూఆర్‌ఎల్ ఆబ్జెక్ట్‌కి ఇచ్చి, దాని ప్రోటోకాల్ అడగండి. బ్రౌజర్ ఎలా చదువుతుందో అదీ అలాగే చదువుతుంది. హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ అయితేనే లింకు వేయండి, మిగతావేవైనా ఉత్త అక్షరాలుగా చూపించండి. చెత్త స్ట్రింగ్ ఇస్తే అది ఎర్రర్ విసురుతుంది, ట్రై-క్యాచ్‌లో పెట్టుకోండి.

ఒత్తులూ_గుడులూ:

ఆ తోక కే గురించి ఎవరూ చెప్పలేదు. పాత పేజీ ఐఎస్ఓ-8859-1లో (ఇంగ్లీషు, పడమటి యూరప్ భాషలకే సరిపోయే పాత అక్షర సంకేతాల పద్ధతి) ఉండి ఉంటుంది. అందులో తెలుగు పట్టదు కాబట్టి ఫారం పంపేటప్పుడు బ్రౌజర్ ఒక్కో సంకేతాన్నీ &#3108; లాంటి కోడ్‌గా మార్చి పంపింది. ఒక్కోదానికి ఏడు గుర్తులు. 'తెలుగు' మనకి మూడక్షరాలే, యూనికోడ్‌లో గుణింతాలతో కలిపి ఆరు సంకేతాలు, మీ డేటాబేస్‌లో 42 గుర్తులు! పేరు గడి 255కి కట్టి ఉంటే, పొడుగు పేరు మధ్యలో తెగుతుంది. &#3108; కాస్తా &#310 దగ్గర తెగిందనుకోండి, సెమికోలన్ లేకపోయినా బ్రౌజర్ దాన్ని విప్పుతుంది. 310 అంటే మీరు చూసిన తోక కే. అంటే అక్కడ పోయిన అక్షరం జ నుంచి థ లోపు ఏదో ఒకటి.

విప్పడం ప్రతిసారీ బ్రౌజర్‌లో ఎందుకు, డేటాబేస్‌లోనే ఒకసారి మార్చేయండి. బ్యాకప్ తీసుకుని, గడిని, కనెక్షన్‌ని అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి, 3072 నుంచి 3199 వరకు ఉన్న కోడ్‌లని మాత్రం అక్షరాలు చేయండి. 8204ని కూడా కలపండి. అది సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లుని నిలబెట్టే కనపడని గుర్తు, అది పోతే 'సాఫ్ట్వేర్' అని ఒత్తు పడిపోతుంది. &#60;ని ముట్టుకోకండి, ఉన్నదున్నట్టు ఉండనీయండి. ఆ తర్వాత టెక్స్ట్‌ఏరియా కూడా అవసరం ఉండదు, టెక్స్ట్‌కంటెంట్ ఒక్కటి చాలు.

తెగిన పేర్లు మాత్రం ఏ కోడూ తిరిగి తేలేదు. మార్చేముందే, చివర సెమికోలన్ ఉన్నా లేకపోయినా, పొడవు 255 ఉన్న వరసలన్నిటినీ ఒక జాబితాగా తీసి పెట్టుకోండి. పుస్తకం అట్ట చూసి, తెగినవి ఉంటే మళ్లీ టైపు చేయాల్సినవి అందులోవే.