అప్‌డేట్: రోజుకో ఫోటో, 90 రోజుల తరువాత

ఇంటి పనులు, ఇద్దరు పిల్లలు, నా అల్లికల సరదా, వీటన్నిటి నడుమ ఏడాది పొడవునా రోజుకో ఫోటో తీయడం సాధ్యమేనా అని మూడు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. కెమెరాను బీరువాలో కాక చేతికందేచోట ఉంచుకోమని, ఒకే లెన్సుతో సరిపెట్టుకోమని చాలామంది సూచించారు. రెండూ పాటించాను, 50 ఎం.ఎం. లెన్సు తప్ప వేరేది ముట్టుకోలేదు.

నేటికి 90 రోజులకు 83 ఫోటోలు ఉన్నాయి. చిన్నవాడికి జ్వరం వచ్చిన వారమంతా ఖాళీయే, దానిని దొంగలెక్కలతో పూరించలేదు.

అన్నిటికన్నా అక్కరకు వచ్చినది కిటికీ వెలుతురు. ఉదయం గదిలోని దీపాలన్నీ ఆర్పివేసి, ఎపర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/2 వద్ద, అంటే బాగా తెరిచి ఉంచి నా అల్లికను తీస్తే, సూదిమొన ఒక్కటే స్పష్టంగా నిలిచి, వెనుకనున్న ఊలు ఉండ మెత్తని రంగుగా కరిగిపోయింది. పరుగెత్తే పిల్లలకు మాత్రం 1/60 సెకను షట్టర్ వేగం (కెమెరా వెలుతురును లోనికి రానిచ్చే సమయం) ఏమాత్రం చాలలేదు. దానిని 1/500కు పెంచి, అందుకు తగ్గట్టు ఐ.ఎస్.ఓ.ను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600 చేశాక గానీ ముఖాలు చెదరకుండా రాలేదు. కాస్త గరుకుగా వచ్చిన ఆ ఫోటోనే మా అమ్మాయి తన గదిలో అంటించుకుంది.

వారాంతపు ఫోటోలకు అంశాన్ని ఇప్పుడు పిల్లలే ఎంచుతున్నారు. ఈసారి వారు చెప్పినది: నీడలు.