తాతగారి రాతబల్ల లండన్‌దా, మద్రాసుదా?

ప్రశ్న – మైలాపూరు మనవడు

అందరికీ నమస్కారం. మా తాతగారు జార్జిటౌన్‌లో ఒక ఆంగ్లేయుల వర్తక సంస్థలో గుమాస్తాగా పనిచేశారు. ఆ సంస్థ సామాను వేలం వేసినప్పుడు ఆయన కొన్న పెద్ద రాతబల్ల ఇప్పుడు చెన్నైలో మా ఇంట్లోనే ఉంది. ఇది ఓడలో లండన్ నుంచి వచ్చిందనీ, విక్టోరియా రాణి కాలం నాటిదనీ మా నాన్నగారు గట్టిగా చెబుతారు. ఆయన చూపే ఆధారమల్లా నడిమి సొరుగు తాళం మీద ముద్రించిన చబ్ అనే ఇంగ్లీషు తాళాల కంపెనీ పేరు, దాని కింద ఉన్న ఒక సంఖ్య.

బల్ల నాలుగున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. మూడు సొరుగులున్న పైభాగం ఒకటి, దాన్ని మోసే మూడేసి సొరుగుల పెట్టెలు రెండు. ఈ మూడూ విడివిడిగా ఊడివస్తాయి. అడుగు పలకలతో సహా అంతా టేకే, కుడి పెట్టెలోని రెండో సొరుగు తప్ప. దాని అడుగున ప్లైవుడ్ ఉంది. బల్ల మీద ఎవరో సన్‌మైకా అంటించారు. వెనక ఎడమ మూలన రూపాయి బిళ్ళంత రంధ్రం ఉంది. పిడులు ఇత్తడివే కాని, సొరుగుల లోపలినుంచి చూస్తే ప్రతి ముఖపలక మధ్యలోనూ చెక్కబిరడాతో పూడ్చిన గుండ్రటి గుర్తు కనిపిస్తోంది.

వచ్చే నెల వడ్రంగి వచ్చి అంతా గీకి పాలిష్ పెడతానంటున్నాడు. ఆలోగా ఇందులో ఏది అసలుది, ఏది తర్వాత చేర్చినది అని తేల్చుకోవడం ఎలా?

జవాబు – చిత్రిక

ముందు వడ్రంగిని ఆపండి. మీకు కావలసిన ఆధారాల్లో సగం ఆయన గీకేయబోయే పొరలోనే ఉన్నాయి.

తాళం సంగతి చూద్దాం. చబ్ తాళాలు 1818 నుంచి ఉన్నాయి, వాటి మీద వరుస సంఖ్య వేసేవారు కాబట్టి తాళం వయసును అంచనా వేయవచ్చు. అయితే అది తాళం వయసే కాని బల్ల వయసు కాదు. సీమ తాళాలను తెప్పించి ఇక్కడ చేసిన బల్లలకు బిగించడం ఆ రోజుల్లో మామూలే. తాళం ఊడదీసి, దానికోసం ఉలితో తొలిచిన గుంట దానికి సరిగ్గా సరిపోయిందా, పక్కన పాత గుంటను పూడ్చిన జాడ ఉందా చూడండి. మరలను కూడా పరీక్షించండి. 1840ల చివరివరకు మరలకు కొన మొద్దుగా ఉండేది, మొనదేలిన మరలు ఆ తర్వాతవి. తలమీద ప్లస్ ఆకారపు గాడి ఉంటే అది 1930లకు ముందుది కాదు.

నా దృష్టిలో తాళం కంటే బలమైన సాక్షి కలప. ఇంగ్లండులో చేసిన బల్లకు బయట ఎంత ఖరీదైన మహాగని వాడినా, సొరుగుల పక్కలకూ అడుగులకూ సాధారణంగా ఓక్ గాని చవకైన పైన్ గాని వేసేవారు. చెదలకు భయపడే మన దేశంలో కనిపించని చోట కూడా టేకే వాడేవారు. మీరు చెప్పినట్టు సొరుగుల అడుగులు కూడా టేకైతే, ఆ బల్ల ఓడెక్కిందన్న మాట నేను నమ్మలేను.

పూడ్చిన గుర్తులు పాత చెక్క పిడులవి. ఇత్తడివి తర్వాత వచ్చాయి. ప్లైవుడ్ ఉన్న సొరుగు మూలల్లోని డవ్‌టెయిల్ అతుకులను (పావురం తోకలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చేవి) మిగతా వాటితో పోల్చండి. చేత్తో కోసినవి ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి, యంత్రం కోసినవన్నీ ఒకే కొలతలో ఉంటాయి. అతుకుల్లో తెల్లటి జిగురు కారి ఎండి ఉంటే, ఫెవికాల్ వచ్చింది 1959లో అన్నది గుర్తుంచుకోండి. పాలిష్ సంగతి తెలియాలంటే కనిపించని చోట స్పిరిట్‌లో ముంచిన దూదిని అద్ది కొద్దిసేపు ఆగండి. దూది జిగటగా అతుక్కుంటే అది లక్క పాలిష్. దాన్ని గీకనవసరం లేదు, కరిగించి మళ్ళీ పూయవచ్చు.

సన్‌మైకాను మాత్రం తీసేయించండి. దాని కింద రాయడానికి పరిచే తోలుకో, బనాతు అనే మందపాటి ఉన్నిగుడ్డకో వేసిన పల్లం ఉండే అవకాశం ఉంది.

జవాబు – పెరంబూరు పెద్దాయన

పై మిత్రులతో ఒక్క విషయంలో ఏకీభవించలేను. సన్‌మైకాను బలవంతంగా పెకలిస్తే టేకు పీచు కూడా లేచి వస్తుంది. ముందు ఒక అంచున వేడి తగిలించి, అది మెత్తబడుతుందో లేదో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. వెనక మూలన రంధ్రం టెలిఫోను తీగకో దీపం తీగకో వేసినదై ఉంటుంది. కార్యాలయాల బల్లల్లో ఇది నేను చాలా చూశాను. ఇంకొకటి, సొరుగులన్నీ పూర్తిగా బయటికి లాగి వెనకవైపు టార్చి వేసి చూడండి. ఏ సొరుగు ఏ అరలోదో మరిచిపోకుండా పనివారు గుర్తులు పెట్టుకునేవారు.

మైలాపూరు మనవడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారమంతా ఇదే పని. తాళం తన గుంటలో బిగుతుగా కూర్చుంది, పక్కన వేరే జాడ లేదు, మరలు మొనదేలినవే. స్పిరిట్ తగలగానే దూది బల్లకు అతుక్కుంది.

ఎనిమిది సొరుగుల వెనక పెన్సిలుతో రాసిన గుర్తులున్నాయి. మొదట తమిళ అక్షరాలు ‘క’, ‘ఉ’ అనుకున్నాను, ఎదురింటి పెద్దాయన చూసి అవి పాత తమిళ అంకెలని, ఒకటి, రెండు అని చదివి వినిపించారు. ప్లైవుడ్ సొరుగుకు మాత్రం ఏ అంకే లేదు, దాని అతుకుల్లో తెల్ల జిగురు ఎండి ఉంది. వడ్రంగికి లక్క పాలిష్ మాత్రమే చాలని చెప్పాను, సన్‌మైకా జోలికి ఇంకా వెళ్ళలేదు.

నాన్నగారికి ఆ అంకెలు చూపించాను. చాలాసేపు చూసి, “తాళమైతే లండన్‌దే కదా” అన్నారు.