బ్రేకుల కీచు శబ్దం: డిస్కులు మార్చకుండా తగ్గించుకోవచ్చా?

మూడు వారాలుగా నా కారు ముందు చక్రాల నుంచి, బ్రేకు మెల్లగా నొక్కినప్పుడల్లా, సన్నని కీచు శబ్దం వస్తోంది. రాత్రంతా ఆరుబయట ఉన్న కారు బ్రేకు డిస్కులపై (చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లేలపై) పలుచగా తుప్పు పట్టడం, ఉదయం నాలుగైదు సార్లు బ్రేకు వేయగానే అది రాలిపోయి శబ్దం ఆగిపోవడం మామూలే. కానీ నా కారులో బ్రేకులు వేడెక్కిన తరువాత కూడా, ముఖ్యంగా బండి ఆగబోయే ముందు, ఆ శబ్దం వినబడుతూనే ఉంది. గరగరమనే రాపిడి లేదు, పెడల్ అదరడం లేదు, కారు ఒక పక్కకు లాగడం లేదు.

చక్రం విప్పి చూస్తే, డిస్కును ఇరువైపులా నొక్కే రెండు ప్యాడ్లలో బయటిది సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉంది, లోపలిది సరిగా కనిపించలేదు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరిగే పిన్నులు బిగుసుకుపోతే రెండు ప్యాడ్లూ సమానంగా అరగవు, అరుగుదలను తెలిపే రేకు డిస్కును తాకితే ఇలాగే కూస్తుంది కనుక, నా అసలు భయం ఆ లోపలి ప్యాడ్ గురించే.

ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాలని మెకానిక్ అన్నారు. ఈ నెల అంత ఖర్చు నేను భరించలేను, అలాగని పిల్లలు కూర్చునే కారులో బ్రేకులను నిర్లక్ష్యం చేయలేను. డిస్కుపై లోతైన గాడులు లేకుండా, దాని మందం దానిపై ముద్రించిన కనీస కొలతకు మించి ఉంటే, ప్యాడ్లు మాత్రమే మార్చడం సరిపోతుందా? పాత ప్యాడ్లను ఉప్పు కాగితంతో తేలికగా రుద్ది, వెనుక భాగానికి వేడిని తట్టుకునే గ్రీజు రాస్తే శబ్దం నిజంగా తగ్గుతుందా? పిన్నులకు కూడా అదే గ్రీజు వాడవచ్చా? ఈ పని స్వయంగా చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.