రామప్ప ఇటుక ఎందుకు తేలుతుందో పిల్లలకు ఇంట్లోనే చూపించడం ఎలా?

హనుమకొండలో సాయంత్రాలు పిల్లలకు జీకే చెప్తుంటాను. 1213లో కట్టిన రామప్ప గుడి శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలుతాయని, లోపల గాలి రంధ్రాలు ఉండి నీటికంటే తేలికగా ఉంటాయని చెప్పాను. నాలుగో తరగతి పాప వెంటనే "ఆ రంధ్రాల్లోకి నీళ్లు పోవా టీచర్?" అంది. చాలా మంచి ప్రశ్న! మూత బిగించిన ఖాళీ సీసా తేల్చి చూపిస్తే, ఇటుకకు మూత లేదు కదా అంది. మామూలు ఇటుక ముక్క, సుద్దముక్క నీళ్లలో వేశాను. బుడగలు వచ్చి రెండూ మునిగాయి, దాంతో అనుమానం ఇంకా పెరిగింది. థర్మాకోల్ తేలింది కానీ అది మట్టి కాదంటోంది. "అదంతే" అని దాటేయడం నాకిష్టం లేదు.

గాలి గదులు ఒకదానికొకటి కలవకుండా మూసుకుని ఉంటే నీళ్లు లోపలికి పోవని, మట్టితోనో పిండితోనో చేసి కళ్లారా చూపించే ప్రయోగం ఏదైనా ఉందా?