పరిశోధన మధ్యలో ఉద్యోగం వస్తే చేరాలా, సిద్ధాంత గ్రంథం ముగిసేదాకా ఆగాలా?

చెరువుకట్ట (ప్రశ్న)

నేను తెలంగాణలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖలో పూర్తికాలిక పరిశోధక విద్యార్థినిని. చేరి మూడేళ్లు నిండవస్తున్నాయి. నిజాం పాలన చివరి యాభై ఏళ్లలో నల్లగొండ ప్రాంతపు చెరువులను ఎవరు బాగుచేయించారు, ఖర్చు ఎవరు భరించారు, నీటి పంపకం ఎవరి చేతుల్లో ఉండేది అన్నది నా అంశం. కోర్స్‌వర్క్ పూర్తయింది. నీరటి పని (చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచే పని) చేసిన కుటుంబాల్లోని పెద్దవాళ్లు కొందరితో మాట్లాడి రికార్డు చేసుకున్నాను. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో చూడవలసిన ఫైళ్లలో మాత్రం ఇంకా సగం కూడా చూడలేదు.

నెట్ (అధ్యాపక పదవికి జాతీయ అర్హత పరీక్ష) అర్హత వచ్చింది, పరిశోధకులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ రాలేదు. రెండేళ్లుగా ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పి హాస్టల్ మెస్ బిల్లు కట్టుకుంటున్నాను. ఇప్పుడు ఒక గురుకుల విద్యాసంస్థలో రెగ్యులర్ అధ్యాపక పోస్టుకు ఎంపికయ్యాను. ఇంట్లో నాన్నగారి వ్యవసాయం మీద అప్పు ఉంది, తమ్ముడు ఇంకా చదువుతున్నాడు. గైడ్‌గారిని అడిగితే చాలాసేపు మౌనంగా ఉండి, “నీ ఇష్టమమ్మా” అన్నారు. చేరి పార్ట్‌టైమ్‌కు మారితే నా పరిశోధన నిలుస్తుందా? చేరకుండా ముగించాలనుకుంటే రేపు ఇలాంటి ఉద్యోగం మళ్లీ వస్తుందా? ఈ దారిలో నడిచినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత ఆచార్యుడు

అమ్మా, నీకు నచ్చని మాట చెప్పవలసి వస్తున్నది. చేరవద్దు, కనీసం ఏడాదిన్నర ఆగు. నా పర్యవేక్షణలో పద్నాలుగు మంది డాక్టరేట్ పూర్తి చేశారు, అయిదుగురు మధ్యలో వదిలేశారు. ఆ అయిదుగురిలో నలుగురు ఉద్యోగంలో చేరినవారే. చేరేటప్పుడు ప్రతి ఒక్కరూ సెలవుల్లో రాస్తామనే అన్నారు, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. మొదటి వేసవిలో పరీక్షల విధులు వచ్చాయి, రెండో వేసవిలో ఇంట్లో పెళ్లి వచ్చింది, మూడో వేసవికి తమ నోట్సు తమకే కొత్తగా కనిపించింది.

నీ అంశంలో ఇంకొక చిక్కు ఉన్నది. ఆ కాలపు ఫైళ్లలో చాలా భాగం ఉర్దూలో ఉంటాయి, పాతవి ఫారసీలో ఉంటాయి, రాత తరచుగా షికస్తా, అంటే అక్షరాలు విరిచి కలిపేసి వేగంగా రాసే గొలుసుకట్టు రాత. అచ్చు ఉర్దూ చదవడం వచ్చినంత మాత్రాన ఆ చేతిరాత పట్టుబడదు. ఒక గుమాస్తా చెయ్యి కంటికి అలవాటు పడడానికి వారాలు పడుతుంది, నెల రోజులు విడిచిపెడితే ఆ అలవాటు జారిపోతుంది. ఇది తీరిక దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం చేసుకునే పని కాదు. ఉద్యోగం ఇవాళ కాకపోతే రేపు వస్తుంది, ఈ ఫైళ్ల ముందు వరుసగా కూర్చునే వయసు, ఓపిక తిరిగి రావు.

డిగ్రీ అధ్యాపకురాలు

సార్, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ “ఉద్యోగం ఇవాళ కాకపోతే రేపు వస్తుంది” అన్న మాటను నేను ఒప్పుకోలేను. మన విశ్వవిద్యాలయాల్లో నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం మీకు తెలియనిది కాదు. డాక్టరేట్ చేతికొస్తే విశ్వవిద్యాలయంలో చోటు దొరుకుతుందన్న ఆశకు నిబంధన బలం కూడా తగ్గింది. విశ్వవిద్యాలయ శాఖల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018 నిబంధనల్లో పెట్టిన యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం), 2021 నుంచి అమలు కావలసిన దాన్ని 2023కు వాయిదా వేసి, ఆ ఏడాది జులైలో నెట్ గానీ, రాష్ట్ర స్థాయి పరీక్షలైన సెట్, స్లెట్ గానీ ఏదో ఒకటి కనీస అర్హతగా చాలునని మార్చింది. ఈ అమ్మాయికి నెట్ ఇప్పటికే ఉంది. అంటే తనకు కావలసింది పట్టా ఒక్కటే కాదు, ఈ పని పూర్తి చేయాలని మనసులో ఉంది. ఆ కోరికను కాపాడుకోవాలంటే ముందు మనిషి నిలబడాలి.

మీ దగ్గర ఆగిపోయిన ఆ నలుగురి గురించి ఒక్క మాట అడుగుతాను. వాళ్లలో ఫెలోషిప్ ఉన్నవారెందరు? కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు 8,000 రూపాయలైనా ఉంది. దాన్ని ఎత్తివేస్తామని 2015లో అన్నప్పుడు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు విద్యార్థులు వారాల తరబడి కూర్చుని నిలబెట్టుకున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నాలాంటివారికి ఆ 8,000 కూడా లేదు.

నేను రెండో ఏట ఉద్యోగంలో చేరాను, ఏడో ఏట వైవా ముగించాను. మధ్యలో పాప పుట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆరింటిదాకా రాసుకున్న రోజులే నా సిద్ధాంత గ్రంథం. ఏమీ పోలేదని చెప్పను: క్షేత్ర పర్యటన కుదరక ఒక అధ్యాయం పూర్తిగా వదులుకున్నాను, ఇప్పటికీ ఆ లోటు నన్ను బాధిస్తుంది. అయినా నాలుగు అధ్యాయాలతో పూర్తయిన గ్రంథం నా చేతుల్లో ఉంది. అయిదు అధ్యాయాలు మనసులో పెట్టుకుని హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయిన స్నేహితురాళ్లు నాకు ముగ్గురున్నారు.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తున్నాను చెల్లీ. గురుకులం మామూలు కళాశాల వంటిది కాదు. పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి వంతులవారీగా రాత్రి విధులు పడతాయి, సాయంత్రపు స్టడీ అవర్లు ఉంటాయి. నాకు దొరికిన తెల్లవారుజాము నీకు దొరకకపోవచ్చు.

రసాయనశాల

నాది రసాయన శాస్త్రం, ఫెలోషిప్ ఉన్న విద్యార్థిని. 2023 జనవరి నుంచి నెలకు జేఆర్‌ఎఫ్ 37,000, సీనియర్ పరిశోధకులకిచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. వినడానికి బాగానే ఉంటుంది. నాకు ఒకసారి అయిదు నెలల సొమ్ము ఒకేసారి వచ్చింది, ఆ అయిదు నెలలూ మెస్ బిల్లు అప్పు తెచ్చి కట్టాను. ఫెలోషిప్ తీసుకుంటూ మరో జీతం తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి ఆ సమయంలో ట్యూషన్ చెప్పి సంపాదించే దారీ లేదు. మా పనిలో పార్ట్‌టైమ్ అన్న ఆలోచనే కుదరదు. రియాక్షన్ పెట్టి సాయంత్రం వదిలేసి వెళ్తే మర్నాటికి ఫ్లాస్కులో ఏముంటుందో చెప్పలేం. అందువల్ల పరిశోధకులందరికీ కలిపి ఒకే సమాధానం చెప్పవద్దని మనవి. ఆమె అంశం ఆమె రోజును ఎలా అడుగుతుందో చూసి చెప్పండి.

ఒక మిత్రుడు

ఇంత ఆలోచన ఎందుకో అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరండి, విశ్వవిద్యాలయానికి చెప్పకండి. పూర్తికాలిక విద్యార్థిగానే నమోదు ఉంచుకుని హాజరు సర్దుబాటు చేసుకుంటున్నవారు ప్రతి శాఖలోనూ ఉన్నారు.

డిగ్రీ అధ్యాపకురాలు

ఆ సలహా దయచేసి వినవద్దు. ప్రభుత్వ ఉద్యోగం సర్వీసు రిజిస్టరులో తేదీతో సహా నమోదవుతుంది. సిద్ధాంత గ్రంథం సమర్పించే నాటికో, పదోన్నతికి పట్టా చూపించే నాటికో ఆ రెండు తేదీలనూ ఎవరో ఒకరు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ రోజు పట్టా, ఉద్యోగం రెండూ చిక్కుల్లో పడతాయి. పైగా యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నేరుగా దారి ఉండగా దాచవలసిన అవసరం ఏముంది?

విశ్రాంత ఆచార్యుడు

అమ్మా అధ్యాపకురాలా, నీవు అడిగిన ప్రశ్నకు నిన్న రాత్రి పాత డైరీలు తీసి చూశాను. ఆ నలుగురిలో ఒక్కరికీ ఫెలోషిప్ లేదు. పూర్తి చేసిన పద్నాలుగు మందిలో పదకొండు మందికి ఉన్నది. ఇన్నేళ్లూ నేను దాన్ని పట్టుదల ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడాగానే చూశాను, తరగతిలో అలాగే చెప్పాను కూడా. ఆ నలుగురిలో ఒకరితోనైనా ఈ మాట ఒప్పుకుంటే బాగుండునని అనిపిస్తున్నది.

చేరవద్దన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. షికస్తా గురించి చెప్పినది మాత్రం తీసుకోను. జీతం లేకపోవడం ఎంత నిజమో, నెల రోజులు వదిలితే చేతిరాత కంటికి అందకపోవడం కూడా అంతే నిజం.

దస్తావేజు

ఉర్దూ, ఫారసీ పత్రాలు చదవడం నా వృత్తి, ఆర్కైవ్స్ రీడింగ్ రూమ్‌లో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని. ఇంతసేపూ ఇక్కడ చర్చ గంటల గురించి జరిగింది. నా దృష్టిలో ఈ అమ్మాయికి సమస్య గంటలతో లేదు, రోజులతో ఉంది. రీడింగ్ రూమ్ ప్రభుత్వ కార్యాలయాలు పనిచేసే రోజుల్లో, ఆ వేళల్లోనే తెరిచి ఉంటుంది. కళాశాల కూడా ఆ రోజుల్లోనే, ఆ వేళల్లోనే నడుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచే శక్తి ఎంత ఉన్నా తార్నాకలో తలుపు తెరుచుకోదు. అధ్యాపకురాలుగారు క్షేత్ర పర్యటన అధ్యాయాన్ని కోల్పోయింది కూడా ఇందుకే అని నా ఊహ.

కాబట్టి చెల్లెమ్మా, నీ పనిని మూడు కుప్పలుగా పోసి చూడు. పని రోజుల్లో మాత్రమే జరిగేది ఆర్కైవ్స్. ఆదివారాల్లో జరిగేది ఊళ్లలో పెద్దవాళ్లను కలవడం. ఏ రోజైనా, ఏ వేళైనా జరిగేది రాత. ఉద్యోగం నీ నుంచి మొదటి కుప్పనే తీసుకుంటుంది. ఆ కుప్పను ఉద్యోగంలో చేరే ముందే వీలైనంత తగ్గించుకోవాలి.

చేరడానికి గడువు పెంచమని దరఖాస్తు పెట్టుకో. ఇవ్వడం, ఇవ్వకపోవడం నియామకాధికారి విచక్షణ, కానీ అడగకుండా ఎవరూ ఇవ్వరు. ఆ గడువులో ఫైళ్లన్నీ ఆసాంతం చదవాలని కూర్చోవద్దు, ఆ పొరపాటు నేను చేశాను. ముందు జాబితాలు చూసి, ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో వాడిన) సంవత్సరానికి 590 కలిపి క్రీస్తుశకంలోకి మార్చుకుని నీ కాలానికి చెందినవి వేరు చేసుకో. ఒక్కో ఫైలులో మొదటి కాగితం, చివరి ఉత్తర్వు చూసి, చెరువు పేరు, తాలూకా, మంజూరైన మొత్తం రాసుకో. తర్వాత నీ వాదనకు ఆయువుపట్టు అనిపించిన వాటికి నకళ్ల కోసం దరఖాస్తు చెయ్యి. నకలు చేతికొస్తే మొదటి కుప్పలోని పని మూడో కుప్పలోకి వస్తుంది. ఆచార్యులవారు చెప్పిన కంటి అలవాటు కూడా అప్పుడు పోదు, ఎందుకంటే రాత్రిపూట అరగంటైనా ఒక్క పుట చదవవచ్చు. వారానికి ఒక రోజు ఎనిమిది గంటలు చదివినదానికంటే రోజూ ఒక పుట చదివితే షికస్తా బాగా నిలుస్తుందని నా అనుభవం.

రెండో కుప్పను ఆలస్యం చేయవద్దు. తూము ఎత్తి నీళ్లు వదిలిన రోజులు తండ్రి నోట విన్నవాళ్లు ఇవాళ ఎనభై దాటి ఉన్నారు. ఫైలు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది, వాళ్లు ఉంటారని చెప్పలేం.

కాగితాల విషయం కూడా చూసుకో. 2022 నిబంధనల ప్రకారం గడువు కోర్స్‌వర్క్‌తో కలిపి ఆరేళ్లు, పునర్నమోదుతో మరో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల సడలింపు, మొత్తం కలిపి పదేళ్లు దాటకూడదు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంది. అంటే నీ దగ్గర కాలం ఉంది, భయపడకు. పార్ట్‌టైమ్‌కు ఉద్యోగ సంస్థ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, అందులో ఉద్యోగి విధులు పోగా పరిశోధనకు తగిన సమయం మిగులుతుందని స్పష్టంగా ఉండాలి. మధ్యలో మారడాన్ని మీ విశ్వవిద్యాలయం ఎలా అనుమతిస్తుందో పరిశోధన విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకో. మీ గైడ్‌గారి పదవీ విరమణ ఎప్పుడో కూడా తెలుసుకో. విరమణ తర్వాత ఆయన సహ పర్యవేక్షకుడిగా డెబ్బై ఏళ్ల వరకు ఉండవచ్చు కానీ ప్రధాన పర్యవేక్షకులు మారతారు. ఆ వచ్చేవారికి నీ అంశం మీద ఇష్టం ఉండాలి కదా.

రసాయనశాల

దస్తావేజుగారి మూడు కుప్పల లెక్క మా ప్రయోగశాలకు వేసి చూసుకున్నాను. మాకు రెండో కుప్ప లేనే లేదు, మూడో కుప్ప చాలా చిన్నది. నేను ఉద్యోగానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో నాకు ఇప్పుడు తెలిసింది.

చెరువుకట్ట

అందరికీ కృతజ్ఞతలు. ఆచార్యులవారూ, మీరు డైరీ తీసి చూసి చెప్పిన మాట మా హాస్టల్‌లో నాలుగు గదుల్లో చదివి వినిపించాను. ఫెలోషిప్ లేనివాళ్లం మేం అక్కడ తొమ్మిది మందిమి. ఒక అక్క చాలాసేపు ఏడ్చింది. పట్టుదల లేదన్న మాట ఆమె అయిదేళ్లుగా వింటోంది.

ఉద్యోగంలో చేరాలని నిశ్చయించుకున్నాను. అరవై రోజుల గడువు కోరుతూ దరఖాస్తు రాశాను, ఎన్ని ఇస్తారో చూడాలి. పార్ట్‌టైమ్ మార్పిడి గురించి పరిశోధన విభాగానికి ఇచ్చిన లేఖ మీద ముద్ర వేయించుకుని ఒక ప్రతి దగ్గర పెట్టుకున్నాను. గంటల లెక్కన పాఠాలు చెబుతున్న కళాశాలలో ఈ నెలాఖరుతో మానేస్తానని చెప్పాను. ఆ డబ్బు లేకుండా రెండు నెలలు గడవడానికి అధ్యాపకురాలక్క పంపుతానన్న సాయాన్ని అప్పుగా మాత్రమే తీసుకుంటాను.

గైడ్‌గారి దగ్గరకు మళ్లీ వెళ్లాను. ఈసారి నిర్ణయం అడగలేదు, మూడు కుప్పలూ ఒక కాగితం మీద రాసి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి కుప్పలో రెండు ఫైళ్ల పేర్లు కొట్టేసి, ఇవి నా దగ్గర నకళ్లున్నాయి, తీసుకెళ్లు అన్నారు. తన పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుందని అడగకుండానే చెప్పారు.

ఈ ఆదివారం సూర్యాపేట వైపు ఒక ఊళ్లో ఎనభై నాలుగేళ్ల నీరటి తాతను కలవాలి. సోమవారం నుంచి తార్నాకలో ఉంటాను. జాబితాలో ఫసలీ 1310 దగ్గర మొదలుపెడుతున్నాను.